ఇంటిపేరు గడిలో నీలిమ

రీడింగ్,
ఇంగ్లండ్, జనవరి 19

డాక్టర్ ప్రసన్నలక్ష్మి గారికి,
నమస్కారం.

కవరు మీద చేతిరాత చూడగానే ఎవరో పోల్చుకునే ఉంటారు. చించి పారెయ్యకుండా ఇంతవరకూ చదివితే అదే పదివేలు.

మిమ్మల్ని ఎలా పిలవాలో తేలక ఇప్పటికి చాలా కాగితాలు పాడుచేశాను. పాత పిలుపుతో పిలిచే హక్కు నాకుందో లేదో తెలియదు. అందుకని హాస్పిటల్ బోర్డు మీద ఉండే మర్యాదే ఇక్కడా రాశాను.

ఫోను చేద్దామంటే రెండు చిక్కులు. ఒకటి, మీరు పెట్టేస్తారు. రెండు, మా రాగిణి. దానికి పదిహేడు నిండాయి. ఏ లెవెల్స్ చదువుతోంది. 'అమ్మా' అన్న మాట తప్ప తెలుగులో నోరు విప్పదు గాని, వినడానికి మాత్రం పాముచెవులు. వంటింట్లో గుసగుసలాడితే మేడమీద నుంచి జవాబు చెబుతుంది. తెలుగు చదవడం మాత్రం రాదు. కాబట్టి ఈ ఇంట్లో రహస్యం దాచుకోవడానికి మిగిలింది తెలుగు రాత ఒక్కటే.

విషయానికి వస్తాను. మీ తమ్ముడు హర్షవర్ధన్ గారికీ నాకూ అయిన విడాకుల కాగితం నకలు నాకు కావాలి. అప్పట్లో నాకొచ్చిన కాగితం ఇళ్ళు మారడంలో ఎక్కడో పోయింది. కేసు వేసింది ఆయన. వేసినప్పుడు మీ ఇంట్లోనే ఉన్నారు. ఏ కోర్టులో వేశారో, కేసు నంబరేమిటో మీకు తెలిసి ఉండొచ్చని ఆశ. ఆయన కేసు నడిపిన సొలిసిటర్ ఆఫీసు కోసం వెళ్ళి చూశాను. ఆ షాపులో ఇప్పుడు బబుల్ టీ అమ్ముతున్నారు.

ఎందుకని అడుగుతారు. ఒక పని మీద. అంతకన్నా ఇప్పుడు రాయలేను. మీకు గాని, ఆయనకు గాని దీనివల్ల ఏ ఇబ్బందీ రాదు, అది మాత్రం నమ్మండి.

ఇట్లు
నీలిమ


స్టాన్‌మోర్,
ఫిబ్రవరి 2

నీలిమకి,

చించి పారెయ్యలేదు. మా కౌన్సిల్ వాళ్ళు కాగితాల బిన్ను రెండు వారాలకోసారి గాని తీసుకెళ్ళరు. ఈలోగా చదివాను.

డాక్టర్ గారూ అన్నావు, సంతోషం. రిటైరయ్యాక ఆ మాట ఎవరి నోటా రావడం లేదు. హాస్పిటల్లో ఉన్నన్నాళ్ళూ 'డాక్టర్ లక్ష్మి, డాక్టర్ లక్ష్మి' అని పొద్దస్తమానం అరిచి చంపేవాళ్ళు. మత్తు డాక్టర్ని కదా, పాపం రోగులు తప్ప అందరూ పిలిచేవాళ్ళే. ఇప్పుడు ఇంట్లో పిలిచేది కెటిల్ ఒక్కటే.

కేసు నంబరు నాకు తెలియదు. ఏ కోర్టో కూడా తెలియదు. హర్ష కాగితాలేవీ నా దగ్గర లేవు. వాడిని అడగమంటావేమో, అడగను. ఎందుకు అడగవని నువ్వూ అడక్కు.

అయితే నంబరు లేకపోయినా దారి ఉంది. మా ఆపరేషన్ థియేటర్ నర్సు ఒకావిడకి ఇదే అవసరం వస్తే నేనే వెంట తిరిగాను, అందుకని తెలుసు. మీ రోజుల్లో విడాకులు కౌంటీ కోర్టుల్లో ఇచ్చేవాళ్ళు. ఆ తర్వాత వాటిని ఫ్యామిలీ కోర్టు కిందికి మార్చారు. ఏ కోర్టు ఇచ్చిందో తెలిస్తే కేసు నంబరు వేసి అక్కడికే రాసుకోవచ్చు. తెలియకపోతే లండన్‌లోని సెంట్రల్ ఫ్యామిలీ కోర్టుకి రాయాలి. ఇంగ్లండు, వేల్సుల్లో ఇచ్చిన ఆఖరి డిక్రీలన్నిటికీ వాళ్ళ దగ్గర పేర్ల పట్టీ ఉంటుంది. వెతికిపెట్టమని ఒక ఫారం ఉంది. భార్యాభర్తల పేర్లు, సుమారుగా ఏ సంవత్సరమో రాసి, ఫీజు కట్టి పంపితే ఒక పదేళ్ళ పట్టీ తిరగేస్తారు. దొరికితే నకలు ఇస్తారు. దొరక్కపోతే దొరకలేదని కాగితం ఇస్తారు. కోర్టు ముద్ర ఉన్న నకలే అడుగు. ఉత్త జిరాక్సు ఎక్కడా చెల్లదు.

ఇంతకీ ఏం పని? ఇన్నేళ్ళు లేని అవసరం ఇప్పుడెందుకు పుట్టుకొచ్చింది? మళ్ళీ వాడి మీద ఏదైనా కేసు వేసే ఆలోచనైతే, దారి కూడా నన్నే అడిగి వెయ్యకు తల్లీ. నీకు మర్యాదగా జవాబు రాశానని అన్నీ మర్చిపోయాననుకోకు. మా హాల్లో నిలబడి నువ్వన్న మాట నాకింకా చెవిలోనే ఉంది.

కస్తూరి ప్రసన్నలక్ష్మి


రీడింగ్,
మార్చి 16

ప్రసన్నలక్ష్మి గారికి,
నమస్కారం.

మీరు చెప్పినట్టే ఫారం నింపి పంపాను. ఇంటిపేరు కస్తూరి, నా పేరు నీలిమ, ఆయన పేరు హర్షవర్ధన్. ఒక్క అక్షరం తేడా రాకుండా చూసుకున్నాను. నేను ఆఫీసులో చేసేదే అది కదా, ఇంకొకళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం.

నిన్న జవాబు వచ్చింది. ఆ పేర్లతో అలాంటి డిక్రీ ఏదీ లేదట.

ఇంక దాచి లాభం లేదు, చెప్పేస్తాను. నేను మళ్ళీ పెళ్ళి చేసుకోబోతున్నాను. ఆయన పేరు చలపతి. అనంతపురం వాళ్ళు. మా ఆఫీసు పక్క బిల్డింగులో కాంట్రాక్టు ఉద్యోగం. భార్య పోయి ఆరేళ్ళయింది, పిల్లలు లేరు. కార్ పార్కులో రోజూ నా చోటులో కారు పెట్టేవారు. పోట్లాడటానికి వెళ్ళిన దాన్ని, చివరికి ఇలా తేలాను. మనిషి నిదానస్తుడు. మధ్యాహ్నం ఫోను చేసి 'బువ్వ తింటివా?' అని అడుగుతారు. మొదట్లో ఆ మాటకి నవ్వొచ్చేది. ఇప్పుడు ఆ ఫోను రాకపోతే నాకు ముద్ద దిగదు. నలభై ఏడేళ్ళ ఆడదాన్ని, మీకు ఇలాంటివి రాయడానికి సిగ్గేస్తోంది. అయినా నిజం అదే.

మే నెలాఖరుకి రిజిస్టర్ ఆఫీసులో తేదీ అనుకున్నాం. అంతకు నెల ముందే నోటీసు ఇవ్వాలి. నోటీసుకి వెళ్తే విడాకుల కాగితం తెమ్మన్నారు. అందుకే మీకు రాశాను.

ఇప్పుడు నా భయం ఏమిటంటే, ఆ రోజుల్లో ముందు ఒక తాత్కాలిక డిక్రీ ఇచ్చేవారట. ఆరు వారాలు ఆగి, ఆఖరిది ఇమ్మని మళ్ళీ అడిగితేనే అది ఇచ్చేవారట. హర్ష ఆ రెండోసారి అడగడం మర్చిపోయారేమో? గ్యాసు బిల్లు గుర్తుపెట్టుకునే మనిషి కూడా కాదు కదా. నాకు వచ్చిన కాగితం మొదటిదో ఆఖరిదో చూసుకునే స్థితిలో అప్పుడు నేను లేను. కవరులోంచి తీసి, మడిచి, మళ్ళీ కవరులో పెట్టేశాను.

అదే అయితే నేనింకా కస్తూరివారి కోడలినే. చలపతి గారికి ఏ మొహం పెట్టుకుని చెప్పను? రాగిణికి అసలు పెళ్ళి సంగతే చెప్పలేదు. రాత్రి అన్నం వడ్డిస్తుంటే 'ఆర్ యూ ఇల్, అమ్మా?' అంది. తలనొప్పి అన్నాను.

మీరు తప్ప అడగడానికి ఎవరూ లేరు.

నీలిమ


స్టాన్‌మోర్,
మార్చి 19

నీలిమా,

నీ ఉత్తరం అందింది.

ముందు నేను దాచింది చెబుతాను. హర్ష విశాఖపట్నంలో మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. నాలుగేళ్ళయింది. ఒక పాప. నీకు కష్టంగా ఉంటుందని నేను రాయలేదు. నాకు కష్టంగా ఉంటుందని నువ్వు నీది రాయలేదు. ఇద్దరం ఒకరినొకరం బాగానే ఉద్ధరించుకున్నాం!

ఇప్పుడు చూడు. ఆ కాగితం లేకపోతే నీ పెళ్ళి ఆగుతుంది. వాడి పెళ్ళి అసలు పెళ్ళే కాకుండా పోతుంది. ఆ అమ్మాయి సంగతేమిటి? ఆ పసిదాని సంగతేమిటి? వాడికి ఫోను చేసి, ఆఖరి డిక్రీ వచ్చిందా లేదా అని అడిగాను. 'వచ్చినట్టే గుర్తక్కా' అంటాడు. గుర్తట! ఎదురుగా ఉంటే చెంప పగిలేది.

కాసేపు తిట్టుకున్నాక బుర్ర పనిచేసింది. నీ ఉత్తరం మళ్ళీ తీసి చూశాను. ఇంటిపేరు కస్తూరి అని రాసి పంపావా? తెలివితక్కువదానా, అది ఇప్పటి నీ పేరు! ఈ దేశపు పౌరసత్వం వచ్చాక, రాగిణికి స్కూల్లో ఇబ్బంది లేకుండా సరిచేయించుకుని ఉంటావు. కేసు నడిచినప్పుడు నీ పాస్‌పోర్టులో ఏముంది? ఇంటిపేరు గడి ఖాళీ. పేరు గడిలో రెండూ కలిపి 'కస్తూరి నీలిమ'. మనకి ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత. వీళ్ళకి చివర ఉన్నదే ఇంటిపేరు. నన్ను అన్నేళ్ళు డాక్టర్ లక్ష్మి అని ఎందుకు పిలిచారనుకున్నావు, ప్రేమ ఎక్కువై కాదు. నీకు బ్యాంకు నుంచి 'మిసెస్ నీలిమ' అని ఉత్తరాలు వచ్చేవి, మర్చిపోయావా? 'నేనెవరి మిసెస్‌ని, నాకు నేనేనా?' అని మా సోఫాలో పడి పడి నవ్వేదానివి. ఆ సొలిసిటరు కూడా ఇంగ్లీషువాడే. వాడూ అలాగే రాసి ఉంటాడు.

కాబట్టి ఇంకో ఫారం పంపు. ఇంటిపేరు గడిలో నీలిమ అని రాయి. పేరు గడిలో కస్తూరి. హర్షదీ అంతే, ఇంటిపేరు హర్షవర్ధన్, పేరు కస్తూరి. మీరిద్దరూ ఆ పట్టీలో తలకిందులుగా వేలాడుతూ ఉంటారని నా నమ్మకం.

తలకిందులంటే గబ్బిలాలు గుర్తొచ్చాయి. ఆ రోజు మా హాల్లో ఏమన్నావు? 'ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు' అన్నావు. అనేసి విసవిసా వెళ్ళిపోయావు. తెనాలిలో బడికెళ్ళేటప్పుడు ఆ సామెతతో హర్షనీ నన్నూ పిల్లలు రోజూ ఏడిపించేవాళ్ళు. ముక్కు మూసుకుని పక్క బెంచీలోకి జరిగేవాళ్ళు. వాళ్ళు పరాయివాళ్ళు, పోనీలే అనుకున్నాను. మా ఇంటి మనిషి నోట వినడం అదొక్కసారే. నాకు చాలా బాధేసింది. ఇప్పటికీ ఉంది.

అది అలా ఉంచు. ముందు ఫారం పంపు.

ప్రసన్నలక్ష్మి


రీడింగ్,
ఏప్రిల్ 14

వదిన గారికి,

రాయకూడదనుకుంటూనే రాసేశాను. తప్పయితే ఆ మాట కొట్టేసి మిగతాది చదువుకోండి.

దొరికింది!

మీరన్నట్టే ఇద్దరం తలకిందులుగా ఉన్నాం. ఇంటిపేరు గడిలో నీలిమ. ఆఖరి డిక్రీయే, తాత్కాలికం కాదు. తేదీ చూస్తే హర్ష రెండో పెళ్ళికి ఎన్నో ఏళ్ళ ముందుది. కవరు చించి ఆ ముద్ర మీద వేలు పెట్టి మెట్ల మీదే మొత్తం చదివాను. విడాకుల కాగితం చూసి ఇంత సంతోషించిన మనిషి రీడింగులో ఇంకొకరు ఉండరు. జిరాక్సు జతచేస్తున్నాను. విశాఖపట్నం వాళ్ళకి పంపండి, ఆ అమ్మాయి కూడా స్థిమితపడుతుంది.

రిజిస్టర్ ఆఫీసులో పాత పాస్‌పోర్టు కూడా చూపించి, ఆ మనిషీ ఈ మనిషీ ఒకరేనని చెప్పుకోవాల్సి వచ్చింది. కౌంటర్లో ఆవిడ 'కస్తూరి! వాట్ ఎ లవ్లీ ఫస్ట్ నేమ్' అంది. నేను దిద్దలేదు. నోటీసు తీసుకున్నారు. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారుస్తావా అని చలపతి గారు అడిగితే చచ్చినా మార్చనన్నాను. మళ్ళీ ఎప్పుడైనా నన్ను వెతకాల్సి వస్తే ఎవరి తరమూ కాదు.

ఇక ఆ మాట సంగతి. అన్నాను, వదినా. వెనక్కి తీసుకోను. ఆ రోజు వానలో, ఐదేళ్ళ పిల్లని చంకనేసుకుని, రైలు దిగి ట్యూబ్ రైలు మారి మీ ఇంటికొచ్చాను. హర్ష ఉన్నారా అని అడిగాను. లేడన్నారు. ఆయన బూట్లు గుమ్మం పక్కనే ఉన్నాయి, తడిగా. నేను ఏడ్చినా మీరు లేడనే అన్నారు. నా కడుపు మండింది. నోటికొచ్చింది అనేశాను. అయితే బడిలో మిమ్మల్ని ఆ సామెతతో ఏడిపించారని నాకు తెలియదు. తెలిసుంటే ఇంకో సామెత వెతుక్కునేదాన్ని. మన భాషలో తిట్టడానికి సామెతలకేం కొదవ?

రాగిణికి చెబుదామని కూర్చోబెడితే దానికి ముందే తెలుసు! మీ మార్చి ఉత్తరం వంటింటి బల్ల మీద మర్చిపోయాను. అది ఫోను కెమెరా పెట్టి ఇంగ్లీషులోకి మార్చుకుని మొత్తం చదివేసింది. తెలుగు రాత ఒక్కటే రహస్యం అనుకున్న నా తెలివి తెల్లారినట్టే ఉంది. 'అమ్మా, హూ ఆర్ ది మస్క్ పీపుల్? అండ్ వై డజ్ దెయిర్ హౌస్ స్మెల్ ఆఫ్ బ్యాట్స్?' అని అడిగింది. నాకు నవ్వాగలేదు. నవ్వి నవ్వి ఏడుపొచ్చేసింది. అది పక్కన కూర్చుని 'ఈజ్ హీ నైస్ టు యూ?' అంది. అవునన్నాను. 'దెన్ వై వర్ యూ హైడింగ్ హిమ్ ఇన్ తెలుగు?' అంది.

ఆ ఉత్తరం రాసిన ఆంటీ ఎవరని అడిగింది. మీ నాన్నకి అక్క, నీకు మేనత్త అని చెప్పాను. 'అండ్ టు యూ?' అంది. ఒకప్పుడు వదిన అన్నాను. 'అండ్ నౌ?' అంది.

ఇప్పుడు అడగకూడని మాట అడుగుతున్నాను. పెళ్ళికి ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. చలపతి గారి వైపు ఆయన స్నేహితుడు నర్సింహ గారు పెడతారు. నా వైపు ఎవరని ఆలోచిస్తే మీరు తప్ప ఎవరూ కనబడలేదు. మొదటి మొగుడి అక్కని రెండో పెళ్ళికి సాక్షిగా రమ్మన్నదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. మీకు ఎలా ఉంటుందో నాకు తెలుసు. కాదంటే ఆఫీసులో ఎవరినైనా పిలుచుకుంటాను, మీ మీద కోపం పెట్టుకోను. కాని మీరొస్తే నా వైపు ఒక మనిషి ఉన్నట్టుంటుంది. మే ముప్ఫై, శుక్రవారం.

నీలిమ


స్టాన్‌మోర్,
ఏప్రిల్ 21

అమ్మాయ్ నీలిమా,

జిరాక్సు విశాఖపట్నం పంపించాను. హర్ష భార్య ఫోను చేసింది. ఇన్నాళ్ళూ పైకి అనలేదు గాని ఆ పిల్లా భయపడుతూనే ఉందట. కాగితం ఎవరు వెతికించారండీ అని అడిగింది. మా మరదలు అన్నాను. ఏ మరదలని ఎదురు అడగలేదు. తెలివైనదే.

రాగిణికి చెప్పు, కస్తూరి అంటే మస్కే, ఫోను తప్పు చెప్పలేదు. మా ఇంట్లో గబ్బిలాలు లేవు. నక్కలున్నాయి, వచ్చి బిన్నులు లాగిపోతాయి. చూడాలనుంటే శనివారం రమ్మను. స్టేషన్ దగ్గర నేనే కారులో ఎక్కించుకుంటాను. ఐదేళ్ళప్పుడు దానికి పెరుగన్నంలో అరటిపండు పిసికి పెడితే తినేది. ఇప్పుడేం తింటుందో ముందు రాయి.

ఆ రోజు బూట్లు నేనూ చూశాను. చూసే లేడన్నాను.

సాక్షి సంగతి నాలుగు రోజులు ఆలోచించాను. మొదటి రోజు కోపమొచ్చింది. దీనికి ఎంత ధైర్యం అనుకున్నాను. రెండో రోజు, తెనాలిలో తెలిస్తే మా వాళ్ళంతా బుగ్గలు నొక్కుకుంటారనుకున్నాను. నొక్కుకోనీ, బుగ్గలు వాళ్ళవి. మూడో రోజు పట్టుచీరలు తీసి చూసుకున్నాను. అప్పుడే అర్థమైంది, వెళ్ళాలని నాకుందని. నాలుగో రోజు హర్షకి ఫోను చేసి చెప్పాను. 'వెళ్ళక్కా' అన్నాడు. వాడు ఈ మధ్యకాలంలో చేసిన మంచిపని అదొక్కటే.

సంతకం పెట్టేటప్పుడు కస్తూరి ముందు రాయాలో లక్ష్మి ముందు రాయాలో కౌంటర్లో కనుక్కుని ఉంచు. మళ్ళీ ఇంకెవరో ఇంకో ఇరవై ఏళ్ళకి నన్ను వెతుక్కుంటూ తిరగకూడదు. చలపతికి చెప్పు, నన్ను మాత్రం 'బువ్వ తింటివా' అని అడగకముందే భోజనానికి కూర్చోబెట్టాలి. నాకు షుగరుంది.

ఇక రాగిణి అడిగిన ప్రశ్న. ఇప్పుడు నీకు నేనేమవుతానని.

నువ్వు పంపిన కాగితం కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాను. ముద్ర చుట్టూ ఉన్నదీ, కింద చిన్నక్షరాల్లో ఉన్నదీ కూడా వదల్లేదు. నీకూ హర్షకీ మధ్య వివాహం రద్దయిందని ఉంది. నీకూ నాకూ ఏదైనా రద్దయినట్టు అందులో ఎక్కడా లేదు.

వస్తాను.

నీ
వదిన